మూడో సీసా

గత నెల ఆమదాలవలస నుంచి నాకో పార్సిల్ వచ్చింది. చెప్పుల పెట్టె అంత ఉంది. లోపల పాత లుంగీ గుడ్డలో చుట్టిన చిన్న గాజు సీసా. ఆసుపత్రిలో ఇంజక్షన్ మందు వచ్చే రకం, రబ్బరు మూత, మూత చుట్టూ మైనం. అందులో ముప్పావు వంతు నీళ్లు. కదపకుండా చూస్తే అడుగున తెల్లటి మడ్డి పల్చగా పేరుకుని కనిపించింది. సీసాకి అంటించిన కాగితం అంచులు చిరిగాయి గానీ అక్షరాలు చెదరలేదు. ‘మూడో చోటు. పేట చెలమ. ఆదివారం సాయంత్రం. తెచ్చినది: వరలక్ష్మి, ఎనిమిదో తరగతి.’ ఆ వరలక్ష్మిని నేనే. ఆ గుండ్రటి అక్షరాలు నావే. వాటి కింద ఇంకో చేతిరాతలో మూడు చిన్న వాక్యాలున్నాయి. అవి మా సైన్సు మేస్టారు సన్యాసిరావు గారివి. అవేమిటో ఇప్పుడే చెప్పలేను. చెప్పడానికి కొంత దూరం నడవాలి, దారిలో వాగు దాటాలి. పార్సిల్‌తో పాటు ఆయన కూతురు రాసిన ఉత్తరం కూడా ఉంది. ‘నాన్నగారు పోయి నలభై రోజులైంది. ఆయన బల్ల సొరుగులో ఇది దొరికింది. మీ పేరు ఉంది కనుక పంపుతున్నాను’ అని. ఆ సీసాని బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చుని, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేవలేదు.

సభల్లో నన్ను పరిచయం చేసేవాళ్లు ‘నిర్భయంగా రాసే రచయిత్రి’ అంటారు. ఒకసారి విజయనగరంలో ఒక కుర్రవాడు ఆ మాట మూడుసార్లు అన్నాడు, నాకు వేదిక దిగి పారిపోవాలనిపించింది. నేను పిరికిదాన్ని. పుట్టుపిరికిని కాను, పదమూడో ఏట అయ్యాను, అయిన రోజు కూడా గుర్తుంది. కాగితం మీద కోపంగా రాయడానికి పెద్ద గుండె అక్కర్లేదు. ఎదురుగా నిలబడి ఒక్క మాట చెప్పడానికి కావాలి. అది నా దగ్గర ఆ రోజు లేదు, తర్వాత ఎన్నడూ కొనుక్కోలేకపోయాను.

మా ఊరి పేరు రాయను. బొబ్బిలి పోయే రోడ్డు పక్కన, గెడ్డ ఒడ్డున ఉంటుందని చెబితే చాలు. గెడ్డ అంటే కొండల మీంచి దిగివచ్చే వాగు. ఊరికి ఎగువన కాగితం మిల్లు ఉండేది. వరిగడ్డిని పెద్ద ఇనప డ్రమ్ముల్లో సోడా వేసి ఉడకబెట్టి, గుజ్జు చేసి, ముతక కాగితం తీసేవారు. మా నాన్నది ఆ డ్రమ్ముల దగ్గర పని. ఇంటికి మనిషి కంటే ముందు వాసన వచ్చేది. తడిసి మగ్గిన గడ్డి, బట్టల సోడా, వాటి వెనక కుళ్లిన గుడ్డు. నాయినమ్మ ఆయన చొక్కాని వేరే బకెట్టులో నానబెట్టేది, నా గౌన్లతో కలవనిచ్చేది కాదు. నాకు మాత్రం ఆ వాసన ఇష్టం. అది గుమ్మంలోకి వచ్చిందంటే నాన్న ఆ పూటకి చేతులూ కాళ్లూ సరిగ్గా ఉండి ఇంటికొచ్చినట్టు. ఒకసారి డ్రమ్ము మూత ఎగిరి పక్క వీధి ఆయన మోచేతుల దాకా ఉడికిపోయాక, సాయంత్రం సైకిలు బెల్లు వినిపించేదాకా నేను గుమ్మంలోంచి కదిలేదాన్ని కాదు. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. ఇంట్లో నాన్న, నాయినమ్మ, నేను. నాన్నకి ఏమైనా అయితే మిగిలేది ఒక ముసలమ్మ, ఒక గుంటపిల్ల. ఈ లెక్క నాకు ఎవరూ చెప్పకుండానే వచ్చేసింది.

మిల్లు లోపల లోతైన బోరు ఉండేది. పనివాళ్లు రోజుకో క్యాన్ నీళ్లు ఇంటికి తెచ్చుకోవచ్చు. నాన్న సైకిలు వెనక కట్టుకొచ్చేవాడు, మేం తాగేవి అవే. మిల్లు వాళ్లు అంత ప్రేమగా నీళ్లెందుకు ఇస్తున్నారని మా వీధిలో ఎవరూ అడగలేదు. గెడ్డకి అవతలి ఒడ్డున పేట ఉంది. పేటలో ఎవరికీ మిల్లులో పని లేదు. వాళ్లు చెలమ నీళ్లు తాగేవారు. గెడ్డ ఇసుకలో చేత్తో గుంట తవ్వితే నీరు ఊరుతుంది, దాన్ని చిప్పతో తోడి బిందె నింపుకోవడమే. నా స్నేహితురాలు పైడమ్మది ఆ పేటే. పొద్దున్నే ముందు ఊరిన నీళ్లు తోడి పారబోసి, గుంట అంచులు శుభ్రం చేసి, కొత్త నీరు ఊరేదాకా పక్కన కూర్చుని నాతో కబుర్లు చెప్పేది. ఇసుక వడకట్టిన నీళ్లకంటే మంచివి లేవని ఆ రోజుల్లో అందరి నమ్మకం. మిల్లు రాకముందు అది నిజమే.

నాయినమ్మ గురించి చెప్పకుండా ఈ కథ నడవదు. ఆవిడకి రెండే వ్యసనాలు. ఒకటి అడ్డపొగ. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి, నిప్పు లోపలే ఉండగా వాకిలి మొత్తం ఊడ్చేది, మాట్లాడేది, నన్ను తిట్టేది కూడా. రెండోది నీళ్లు. బోరు నీళ్లు అద్దంలా ఉన్నా సరే, కాగులో పోశాక ఇండుప గింజ అరగదీసి కలపందే ఆవిడకి తోచేది కాదు. చిన్న రాతి పలక మీద నాలుగు చుక్కల నీళ్లేసి ఆ గింజని గంధంలా తీసి కాగులో కలిపితే, మర్నాటికి మడ్డంతా అడుగుకి దిగి పైన నీళ్లు తేటగా ఉంటాయి. మడ్డి లేని నీళ్లలో గింజ ఎందుకే అని నాన్న నవ్వితే, “నీల్లకి గింజెయ్యని ఇల్లు ఇల్లేటిరా?” అనేది. గడప తొక్కిన మనిషి ఎవరైనా, బాకీల వాడైనా బంధువైనా, ముందు ఇత్తడి గ్లాసుడు నీళ్లు తాగాల్సిందే, తర్వాతే మాట. మా వైపు ఇప్పటికీ అంతే. పైడమ్మ రోజూ మా ఇంటికి వచ్చేది కూడా సగం ఆ గ్లాసు కోసమే. గటగటా తాగి, గ్లాసు తిరగేసి చూపించి, “మీ నీల్లు తియ్యగుంతాయే వరాలూ” అనేది.

సన్యాసిరావు మేస్టారు మా బడికి వచ్చిన ఏడాది మేం ఎనిమిదిలో ఉన్నాం. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఒక జేబు సుద్దతో ఇంకో జేబు సీసా మూతలతో ఉండేవారు. శనివారం మధ్యాహ్నం క్లాసు గదిలో ఉండేది కాదు, గెడ్డలో ఉండేది. లంగాలు ఎత్తి దోపుకుని, నిక్కర్లు తడుపుకుని నీళ్లలో దిగేవాళ్లం. ఆయన గెడ్డని మూడు చోట్లుగా విడదీశారు. మిల్లుకి ఎగువన మొదటిది, మిల్లు కాలవ వచ్చి కలిసే దగ్గర రెండోది, దిగువన పేట చెలమ దగ్గర మూడోది. ప్రతి చోటా అరగంట రాళ్లు తిప్పడం, రాయి కింద ఏమేం ఉన్నాయో లెక్కపెట్టి రాసుకోవడం. తెల్ల పళ్లేనికి తాడు కట్టి నీళ్లలో దించి, ఎంత లోతు వరకు కనిపిస్తుందో మూరలతో కొలవడం. పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టిన కాగితం ముక్కలు నీటికి తగిలించి రంగు చూడటం. మేం రాసుకున్న నోటు పుస్తకాలు మిల్లు తన పనివాళ్ల పిల్లలకి ఊరికే ఇచ్చినవి. గోధుమ రంగు కాగితం, పేజీలో అక్కడక్కడా నలగని గడ్డి పరక, సిరా పెడితే పాకేది. మిల్లు మీద లెక్కలు మిల్లు కాగితం మీదే రాశాం. అప్పట్లో మాకది తమాషాగా కూడా అనిపించలేదు. “కళ్లకి కనిపించింది రాయండర్రా. అనుకున్నది రాయకండి. భయపడి తగ్గించకండి, ఊరికే పెంచకండి” అనేవారు మేస్టారు. ఆ మాట ఇప్పుడు నా చెవుల్లో పడితే తల దించుకుంటాను.

మొదటి చోట రాయి తిప్పితే పండగే. రొయ్య పిల్లలు, నత్తలు, కాళ్లు ఆడిస్తూ పారిపోయే పీతలు, పేరు తెలియని పురుగులు. అరిచేవాళ్లం, ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకునేవాళ్లం. రెండో చోట నీళ్లు డికాక్షన్ రంగులో ఉండేవి, పైన పసుపు పచ్చని నురగ, అక్కడ ఎవరమూ మాట్లాడేవాళ్లం కాదు. మూడో చోట నీళ్లు మళ్లీ మామూలుగానే కనిపించేవి, కాస్త టీ కలిసిన రంగు, అంతే. అక్కడ పైడమ్మా నేనూ ఒక జట్టు. మొదటి శనివారం అది ఒక రాయి తిప్పింది, రెండోది తిప్పింది, పదోది తిప్పింది. “ఒలే వరాలూ, పీతల్లేవే. ఒక్కటీ లేదు. నత్తగుల్లైనా లేదే” అంది. రాళ్ల అడుగున నల్లటి జిగురు, మా నాన్న చొక్కా వాసన. మేం ఇద్దరం చిన్నప్పటి నుంచి మునిగిన చోటది. అక్కడ పీత కరిచిన మచ్చ నా బొటనవేలికి ఇంకా ఉంది. ఎప్పుడు పోయాయి అవన్నీ? రోజూ చూస్తూనే ఉన్నాం, పోతున్నట్టు తెలియలేదు. మోకాళ్ల లోతు నీళ్లలో, పట్టపగలు, చుట్టూ పదిహేనుమంది పిల్లలుండగా నేను పైడమ్మకి దగ్గరగా జరిగాను. పైడమ్మ చేతిలోని రాయిని మెల్లగా, చప్పుడు కాకుండా, ఉన్నచోటే పెట్టేసింది.

తర్వాత పసుపు కాగితం. మొదటి చోట పసుపు పసుపుగానే ఉండేది. కాలవ దగ్గర పెట్టగానే ఎర్రబడేది. పేట చెలమలో ముంచి, మేస్టారు చెప్పినంతసేపు ఆగి చూస్తే, అంచుల దగ్గర ఇటుక రంగు. ఆ ముక్క ఇంటికి తెచ్చి నాయినమ్మకి చూపించాను. పసుపులో సున్నం కలిపితే ఎరుపు తిరుగుతుందని పారాణి కలిపిన ప్రతి ఆడదానికీ తెలుసు. ఆవిడ నోట్లోని చుట్ట తీసేసింది. “ఓలమ్మో, ఎవులే గెడ్డలో సున్నం కలిపినోల్లు? ఈ నీల్లేటే ఆ పేటోల్లు తాగతన్నారు?” అంది. సున్నం కాదు నాయినమ్మా, సోడా అన్నాను. ఆవిడ నా మొహం చూసింది, తర్వాత ఆరేసిన నాన్న చొక్కా వైపు చూసింది. పైడమ్మ కూడా తన ముక్కని వాళ్లమ్మకి చూపించింది. వాళ్లమ్మ అప్పుడు కడుపుతో ఉంది. మర్నాటి నుంచి ఆమె చెలమ మానేసి, మైలు పైగా ఎగువకి నడిచి, మిల్లు దాటాక గెడ్డలోంచి బిందె నింపుకుని రావడం మొదలుపెట్టింది. ఎండలో, నెత్తి మీద బిందె, ముందు కడుపు, నడుం మీద ఒక చెయ్యి. బడికి పోతూ రోజూ ఆమెకి ఎదురయ్యేవాళ్లం.

మేస్టారు పేటకి ఒక బోరు వెయ్యమని అర్జీ రాశారు. పట్నం నుంచి ఒక ఆఫీసరు వచ్చి కాలవ చూసి, మిల్లు కాలవ మురికిగా ఉంటుందని అందరికీ తెలుసు, ఆ మురికి తాగే నీళ్లలో చేరుతోందని చూపిస్తే బోరు గురించి ఆలోచిస్తాం అని వెళ్లిపోయాడు. అంటే మూడు సీసాల్లో తేల్చేది మూడోదే. పరీక్షకి పంపే నీళ్లు ఆదివారం సాయంత్రం నింపి, చల్లగా ఉంచి, సోమవారం బడికి తేవాలి. మూడో చోటు నాది. పేట ఇళ్లలో చల్లటి చోటు లేదు, మా ఇంట్లో కాగు కింద ఎప్పుడూ తడి ఇసుక ఉంటుంది. కనుక సీసా మా ఇంట్లో ఉండాలని నేనే గొప్పగా ఒప్పుకున్నాను. పైడమ్మ చెలమలో ఊరిన నీళ్లని తోడి పారబొయ్యకుండా, మేస్టారు చెప్పినట్టు, ఉన్నవి ఉన్నట్టే చిప్పతో సీసాలో పోసింది. రోజూ తను పారబోసే ఆ మొదటి నీళ్లు సీసాలో చూస్తే, రంగు ఎంత ముదురో తెలిసింది. “మా బోరు నీ సేతిలో ఉన్నాదే, జాగర్త” అని నవ్వింది పైడమ్మ. నేను సీసాని రెండు చేతులతో పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకొచ్చాను.

ఆ సాయంత్రం సైకిలు బెల్లు ఎప్పటికంటే ముందే మోగింది. నాన్న క్యాన్ దించలేదు. గుమ్మంలోనే కూర్చున్నాడు. మేనేజరు పనివాళ్లందర్నీ నిలబెట్టి, బడి పిల్లలు గెడ్డలో సీసాలు ముంచుతున్నారట, అందులో మన వాళ్ల పిల్లలు ఎవరెవరో మర్నాడు చెప్పాలన్నాడట. నాన్న నన్ను తిట్టి ఉంటే బాగుండేది. చెయ్యి చేసుకున్నా బాగుండేది. ఆయన చేతులు మాత్రం వణికాయి. ఉడుకుతున్న డ్రమ్ము మీద ఎక్కి నిలబడే మనిషి చేతులు అవి. “రేపు నానేటి సెప్పాలమ్మా? నా కూతురే ముంచినాదని సెప్పాలా? ఉన్న పనొగ్గేసి ఏటి తింతాం?” అన్నాడు. నన్ను అడుగుతున్నాడో, తనని తానే అడుగుతున్నాడో తెలియలేదు. నాయినమ్మ కాగు దగ్గర నిలబడి అంతా వింది. నా పక్కనే, తడి ఇసుకలో, మెడ దాకా పాతిన సీసా. ముగ్గురం దాని వైపు చూడకుండా అన్నం తిన్నాం. పులుసు రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది, చేదుగా.

తెల్లవారి లేచి ఇసుకలోంచి సీసా తీశాను. నీళ్లు తేటగా ఉన్నాయి. సీసాలోంచి నా వేళ్లు అవతలి వైపు కనిపిస్తున్నాయి. అడుగున పొడి పొడిగా తెల్లటి మడ్డి. నాయినమ్మ వాకిలి ఊడుస్తూ, తల తిప్పకుండా, “ఏటే అలా సూస్తావు? మేస్టారికి మురికినీల్లు అట్టుకెల్తారేటే ఎవులైనా? మనింటి పరువేటవుతాది? పారబోసీసి కాగులోవి పోసినాను. ఎంత తేటగున్నాయో సూడు” అంది. ఆవిడ అమాయకంగా చేసిందని చాలా ఏళ్లు నమ్మాను. ఇంటి నుంచి బయటికి పోయే నీళ్లు మురికిగా పోకూడదు, అది ఆవిడ ధర్మం, నిజంగానే ఆ ఒక్క కారణానికే మార్చి ఉండొచ్చు. కొడుకు చేతులు వణకడం చూసి మార్చి ఉండొచ్చు. నాన్నే చెప్పి ఉండొచ్చు. నాన్న అప్పుడు సైకిలు తుడుస్తున్నాడు. సీసా నా చేతిలో చూశాడు, నా కళ్లలోకి చూశాడు, మళ్లీ తుడవసాగాడు. చెలమ మా ఇంటికి పది నిమిషాల నడక. బడికి ఇంకా గంట టైముంది. పారబోసి మళ్లీ నింపుకుని వెళ్లడానికి కావలసినంత వ్యవధి. గెడ్డ దారి, బడి దారి విడిపోయే చోట నిలబడ్డాను. కాళ్లు కట్టేసినట్టయింది. నాన్న వణికే చేతులు కళ్ల ముందు కనిపించాయి. బడి దారి పట్టాను.

మేస్టారు మూడో సీసాని అందుకుని, “బాగా కుదిపి పొయ్యాలర్రా, లేకపోతే అడుగునున్నది అడుగునే ఉండిపోతాది” అంటూ కుదిపారు. నీళ్లలో పల్చటి తెల్ల పొగ లేచింది. ఆయన చెయ్యి ఆగింది. “ఏమ్మా వరలక్ష్మీ, పేట చెలమవేనా?” అన్నారు. “అవునండి” అన్నాను. పక్కన పైడమ్మ నిలబడి ఉంది, అది సీసా వైపు చూడటం లేదు, సీసాలు పట్నం తీసుకెళ్లే బస్సు వస్తోందా అని కిటికీలోంచి చూస్తోంది. ఆయన చాలావరకు పెద్ద సీసాలో పోశారు, పట్నం పంపడానికి. కొంచెం ఈ చిన్న సీసాలో, బడిలో దాచుకోవడానికి. పంపిన దాంట్లో కొంత ఎప్పుడూ మన దగ్గర ఉండాలనేది ఆయన పద్ధతి. కాగితం నా ముందు పెట్టి రాయమన్నారు. ‘పేట చెలమ’ అని నేనే రాశాను. ఒక్కో అక్షరం దిద్ది, గుండ్రంగా రాశాను.

జవాబు వచ్చిన రోజు మేస్టారు దాన్ని క్లాసులో చదివారు. కాలవ నీళ్లు మంచివి కావు, చెలమ నీళ్లు తాగడానికి పనికివస్తాయి, బోరు అవసరం కనబడలేదు. ఆయన గొంతులో ఏ రంగూ లేదు. పైడమ్మ ఎగిరి గంతేసింది. “మా నీల్లు మంచివేనంటే! మా యమ్మకి సెప్పాల” అని బడి వదలగానే పరిగెత్తింది. ఆ పరుగు నాకు ఇప్పటికీ కలలో వస్తుంది. పుస్తకాల సంచీ నడుం మీద ఎగురుతూ, జడలు ఊగుతూ, గెడ్డలో నీళ్లు చిమ్ముకుంటూ అవతలి ఒడ్డుకి. మర్నాడు వాళ్లమ్మ ఎగువకి నడవలేదు. ఆమెని చెలమ దగ్గర చూశాను, చిప్పతో తోడుతోంది, నన్ను చూసి నవ్వింది. ఇంక అంత దూరం పోవక్కర్లేదు తల్లీ, మీ సదువు పున్నెమా అని అంది. నేను బడి దాకా ఏడుస్తూ నడిచాను, ఎవరైనా అడిగితే కంట్లో నలుసు పడిందన్నాను.

మేస్టారికి ఆ ఎండాకాలమే బదిలీ అయింది. పాతపట్నం అవతల, ఒరిస్సా సరిహద్దు దగ్గర ఊరు. వెళ్లేముందు మా ఇంటి మీదుగా వచ్చారు. నాయినమ్మ గ్లాసుతో నీళ్లిచ్చింది. ఆయన తాగి, గ్లాసు అడుగున ఏదో చూసి, నా తల మీద చెయ్యి వేసి వెళ్లిపోయారు. వానలు పడ్డాక పైడమ్మ వాళ్లమ్మకి ఆడపిల్ల పుట్టింది. మూడు రోజులుంది. నీళ్ల వల్లేనని ఎవరూ అనలేదు, కాదనీ ఎవరూ అనలేదు. డాక్టరు ఏం చెప్పాడో పేటలో ఎవరికీ అర్థం కాలేదు, నాకు ఎవరూ చెప్పలేదు. చెలమ నీళ్లు వాళ్లు ఇంకా చాలా ఏళ్లు తాగారు, మిల్లు తనంతట తను మూతపడేదాకా. మేనేజరుకి ఏం చెప్పుకున్నాడో గానీ, నాన్న ఆ మిల్లులోనే పని చేసి, ఆ వాసనతోనే వెళ్లిపోయాడు. ఆ ఉదయం గురించి మా ముగ్గురిలో ఎవరమూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఇద్దరూ లేరు.

ఇప్పుడు సీసా మీది మేస్టారి వాక్యాలు. ‘అడుగున ఇండుప గింజ మడ్డి. మిల్లు బోరు నీళ్లు. పిల్లని అడగొద్దు.’ అంతే. ఆయన కూతురికి ఫోన్ చేస్తే మిగతాది తెలిసింది. ఆయన తనే చెలమ నీళ్లు నింపుకుని రెండోసారి పట్నం వెళ్లారట. మొదటి సీసా తప్పయితే ఆ తప్పు ఎవరిదో, ఎలా జరిగిందో పేరుతో రాసివ్వమన్నారట అక్కడ. నాన్నగారు రాయకుండా తిరిగొచ్చేశారండి, ఆ సంగతి చెప్పుకుని చివరి దాకా బాధపడేవారు అంది ఆ అమ్మాయి. నన్ను ఎవరూ పట్టుకోలేదని ఇన్నాళ్లూ లోపల ఒక చిన్న నెమ్మది ఉండేది. ఆయన పట్టుకున్నారు. పట్టుకుని, నన్నూ మా నాన్ననీ కాపాడి, పేటని వదిలేశారు. ఆ బరువు ఒక్కరే మోశారు. నేను పిరికిదాన్నయితే ఆయన దయగలవారు, రెండింటికీ పేటలో జరిగింది ఒకటే.

వారం తర్వాత సీసాని సంచీలో పెట్టుకుని పేటకి వెళ్లాను. గెడ్డ మీద ఇప్పుడు వంతెన ఉంది. మిల్లు ఉన్నచోట మొండి గోడలు, డ్రమ్ములు ఎవరో ఎప్పుడో పట్టుకుపోయారు. వంతెన కింద బడి పిల్లలు, వాళ్లతో ఒక కుర్ర టీచరమ్మ, రాళ్లు తిప్పుతున్నారు. ఆటో ఆపించి, దిగి చూశాను. వాళ్ల దగ్గర రంగు పట్టీల కిట్టు ఉంది, పట్టీ ముంచగానే ఫోన్లో ఫొటో తీస్తున్నారు, లెక్క అక్కడికక్కడే ఎక్కడికో వెళ్లిపోతోంది. ఇంటికి తీసుకెళ్లి కాగు కింద దాచక్కర్లేదు, ఏ నాయినమ్మా మార్చలేదు. బాగుంది అనుకున్నాను. అంతలో ఒక పిల్ల పట్టీని చూసి, చుట్టూ ఎవరైనా గమనిస్తున్నారా అన్నట్టు తలెత్తి చూసింది. ఎగువన రోడ్డు వెంట ఇప్పుడు ఎన్నో ప్రహరీ గోడలున్నాయి. ఆ పిల్ల నాన్న ఏ గోడ లోపల పని చేస్తున్నాడో. ఆటో అతను రెండుసార్లు పిలిచాక ఎక్కాను.

పైడమ్మ అరుగు మీద బియ్యం చెరుగుతోంది. జుట్టు నెరిసింది, నవ్వు నెరవలేదు. “ఓలమ్మ, ఎన్నాల్లకొచ్చినావే!” అని చేట పక్కన పెట్టింది. నేను కూర్చోకుండానే సీసా తీసి చేతిలో పెట్టి, మొత్తం చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. ఆదివారం సాయంత్రం, నాన్న చేతులు, తెల్లవారి తేట నీళ్లు, రెండు దారులు విడిపోయే చోటు, ‘అవునండి’. పైడమ్మ సీసాని ఎండకి ఎత్తి చూసింది. మడ్డి లేచి నీళ్లలో తిరిగింది. చెరిగిన బియ్యం మీద పిచ్చుకలు వాలినా తోలలేదు.

“మరి నానే కదే పరిగెత్తుకెల్లి సెప్పినాను, నీల్లు మంచివని” అంది చివరికి. “ఇన్నాల్లూ నా నోటితోనే సెప్పినానని ఏడిసినాను.”

పైడమ్మ సీసాని నా చేతికి తిరిగిచ్చింది. కళ్లు తుడుచుకోలేదు. “నాకు సెప్పీసినావు. మా యమ్మకి సెప్పు. లోపలున్నాది. సెవులు బాగానే ఇనిపిస్తాయి” అంది. నాతో లేవలేదు. చేట ఒళ్లోకి తీసుకుంది.

గుమ్మం దాటడానికి నాకు ఎంతసేపు పట్టిందో తెలియదు. పదమూడేళ్లప్పుడు గెడ్డ దారికి తిప్పుకోలేని కాళ్లు ఇప్పుడు ముందుకి వెయ్యడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. లోపల నులక మంచం మీద పైడమ్మ వాళ్లమ్మ కూర్చుని ఉంది, ఎముకల గూడు, కానీ కళ్లు అవే. ఎవులది అంది. వరాల్నమ్మా, అవతలొడ్డు వరాల్ని అన్నాను. ఆ ముఖం వెలిగింది. మీకో మాట చెప్పాలి అన్నాను. నా చేతిలో సీసా ఉంది, అది చూసి ఏదో మందు తెచ్చాననుకుందేమో. గోడ పట్టుకుని మెల్లగా లేచింది. మూల ఉన్న క్యాన్ కొళాయి తిప్పి, స్టీలు గ్లాసు నిండా నీళ్లు పట్టి, రెండు చేతులతో నా దాకా తెచ్చింది.

“ఎండన పడొచ్చినావు. ముందు నీల్లు తాగు. తరవాత సెప్పుదువు గాని” అంది.

తాగాను. గ్లాసు కింద పెట్టి, చెప్పడం మొదలుపెట్టాను.